ఇల్లు ఎవరి పేరున ఉంది?

ఎడిసన్ అనే ఊళ్ళో ఏడేళ్ళపాటు కాపురం ఉండి కూడా ఎడిసన్ ఇంటిని చూడని ప్రబుద్ధుణ్ణి నేను. న్యూజెర్సీలో మన తెలుగువాళ్ళు విరివిగా స్థిరపడిన ఊళ్ళలో ఎడిసన్ ఒకటి. ఉద్యోగాల మీద అక్కడికి చేరినవాళ్ళలో చాలామందికి ఆ పేరు వినగానే ముందుగా ఒక చిరునామా, కరివేపాకు దొరికే దుకాణమూ గుర్తుకొస్తాయి. ఆ పేరుగల మనిషి జ్ఞాపకం వచ్చేది ఎప్పుడో, పిల్లల సైన్సు పాఠం పుణ్యమా అని. 1954 దాకా ఆ ఊరికి రారిటన్ టౌన్‌షిప్ అని పేరు. దాని పరిధిలోని మెన్లో పార్కులో 1876 నుంచి కొన్నేళ్ళపాటు ప్రయోగశాల నడిపినవాడి పేరును తరవాతివాళ్ళు ఊరికి పెట్టుకున్నారు.

పేరైతే పెట్టుకున్నారు గానీ, ఊళ్ళో ఆయన కట్టినదేదీ మిగల్లేదు. ఫొనోగ్రాఫు తొలిసారి పలికిన చోటు, 1879 అక్టోబరులో బల్బు గంటల తరబడి వెలిగిన చోటు అయిన ఆ ప్రయోగశాల శిథిలాలను ఆయన మిత్రుడు హెన్రీ ఫోర్డు మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌కు తరలించుకుపోయి, 1929లో అక్కడ మళ్ళీ నిలబెట్టాడు. ఇక్కడ ఆ స్థలంలో ఒక కాంక్రీటు స్తంభం, దాని తలమీద బ్రహ్మాండమైన గాజు బల్బు ఉన్నాయి. 1938లో ప్రతిష్ఠించారు. దూరం నుంచి చూస్తే ధ్వజస్తంభానికి దీపం పెట్టినట్టు ఉంటుంది.

2014 జూన్‌లో అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. వచ్చిన వారానికి ఆ స్తంభం దగ్గరికి తీసుకెళ్ళాను. అంతా విని, "ఊరు ఊరంతా ఆయన పేరు పెట్టుకున్నారు సరే, ఆయన ఇల్లేదిరా? గుడి చూపించి దేవుణ్ణి చూపించకపోతే ఎట్లా?" అంది. అట్లా బయలుదేరాం, ఆ శనివారం.

ఇల్లు ఎడిసన్‌లో లేదు. పాతిక మైళ్ళ అవతల వెస్ట్ ఆరెంజ్‌లో ఉంది. 1887లో ఆయన కట్టించిన పెద్ద ప్రయోగశాలా అక్కడే. రెండూ కలిసి ఒక జాతీయ చారిత్రక ఉద్యానవనం. మేము వెళ్ళిననాడు ముందు ప్రయోగశాల దగ్గర చీటీ తీసుకోవాలి, ఇంటికి ఫలానా వేళకు రమ్మని అందులో రాసిస్తారు. మా వేళకు ఇంకా గంటన్నర ఉండడంతో ప్రయోగశాల చూశాం. మూడంతస్తుల ఎర్ర ఇటుకల కట్టడం. లేతులు, తోలుపట్టీలతో తిరిగే యంత్రాలు, రసాయనాల సీసాలు. వాటన్నిటికన్నా నాకు నచ్చింది గ్రంథాలయం. మూడు వరసల అరుగులతో గోడల నిండా పుస్తకాలు, మధ్యలో ఆయన బల్ల. ఆయన పోయాక ఆ బల్లకు తాళం వేసి, 1947లో ఆయన శతజయంతినాడు గాని తెరవలేదట. పక్కనే గోడవారగా ఒక సన్నని మంచం ఉంది. పనిచేసి చేసి బల్లల మీదనే నిద్రపోతుంటే చూడలేక ఆయన భార్య వేయించినదట. అమ్మ ఆ మంచం దగ్గర కాసేపు నిలబడింది. మా నాన్నగారు ప్రెస్సులో న్యూస్‌ప్రింటు కట్టల మీద నిద్రపోయేవారు. ఆయనకెవరూ మంచం వేయలేదు, పాపం.

అక్కణ్ణుంచి మైలు దూరం కూడా ఉండదు ఇల్లు. లెవెలిన్ పార్కు అనే పేటలో ఉంది. 1850లలో పథకం ప్రకారం, చుట్టూ ఆవరణతో, ద్వారం దగ్గర కాపలాతో కట్టిన నివాసాల పేట అది. హైదరాబాదులో ఇప్పుడు వీధికొకటి వెలుస్తున్న గేటెడ్ కమ్యూనిటీలకు అమెరికాలో తాతమ్మ అన్నమాట. వంకరదారులు, ముసలి చెట్లు దాటి వెళితే, పచ్చికబయలు మీద ముదురు ఎరుపు రంగులో కోణాలు కోణాలుగా లేచిన ఇల్లు కనబడింది. పేరు గ్లెన్‌మాంట్. ఇరవై తొమ్మిది గదులు, పదమూడున్నర ఎకరాల ఆవరణ.

ఈ ఇల్లు ఎడిసన్ కట్టించింది కాదు. ఈ సంగతి నేను అక్కడికి వెళ్ళేదాకా ఎరగను. హెన్రీ హడ్సన్ హాలీ అనే వాస్తుశిల్పి 1880-82 మధ్య హెన్రీ పెడ్డర్ అనే ఆయన కోసం దీన్ని కట్టాడు. పెడ్డర్‌గారు న్యూయార్కులో ఆర్నాల్డ్ కాన్‌స్టబుల్ అనే పెద్ద బట్టల అంగడిలో నమ్మకస్తుడైన ఉద్యోగి. జీతానికి మించిన ఇల్లు ఎట్లా కట్టాడన్న అనుమానం రావలసినవాళ్ళకు ఆలస్యంగా వచ్చింది. యజమానుల సొమ్ము కాజేశాడని 1884లో బయటపడింది. ఇల్లు ఆ కంపెనీ పరమైంది. కుర్చీలు, తివాసీలు, పటాలు, పుస్తకాలు ఉన్నవి ఉన్నట్టుగా 1886 జనవరిలో ఎడిసన్ 1,25,000 డాలర్లకు కొన్నాడు. అది విలువలో సగం కూడా కాదని రేంజరు చెప్పింది. పాలు పొంగించడానికి గిన్నె కూడా పట్టుకెళ్ళనక్కరలేని గృహప్రవేశం. ఒకడి దొంగసొత్తుతో పేర్చిన గ్రంథాలయంలో మరొకడు జీవితాంతం చదువుకున్నాడు.

ఎవరి కోసం కొన్నాడు? అక్కడే కథ మొదలవుతుంది.

ఎడిసన్ మొదటి భార్య మేరీ స్టిల్‌వెల్. ఆయన సంస్థలోనే పనిచేస్తుండగా చూసి, 1871లో క్రిస్మస్ రోజున పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకప్పుడు పదహారేళ్ళు. ముగ్గురు పిల్లలు. తంతి సంకేతాల మోజులో పెద్దవాళ్ళిద్దరికీ డాట్, డాష్ అని ముద్దుపేర్లు పెట్టుకున్నాడు తండ్రి. మనం చుక్క, గీత అని పిలుచుకున్నట్టు. 1884 ఆగస్టులో మెన్లో పార్కులోనే మేరీ చనిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు నిండలేదు. అంటే, మేము కరివేపాకు కొనుక్కునే ఊళ్ళో ఆమె బతికి, పోయింది. ఊరికి పేరిచ్చిన బల్బు వెలిగిన ఏళ్ళలో, ప్రయోగశాలకు కూతవేటు దూరంలో, రాత్రిళ్ళు ఇంటికి రాని భర్త కోసం ఎదురుచూస్తూ ఉన్నది ఆమె.

మరుసటి ఏడాది ఎడిసన్ మరో అమ్మాయిని చూశాడు. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నివాసి, పంటకోత యంత్రాలు కనిపెట్టిన లూయిస్ మిల్లర్ కూతురు. పేరు రాతలో మీనా అని ఉన్నా మైనా అని పలకాలట. మన చెవికి పిట్ట పేరే. తరవాత ఆవిడ పక్షులంటే ప్రాణం పెట్టడం కాకతాళీయం. చెవులు సరిగా వినబడని ఎడిసన్ ఆమెకు మోర్స్ సంకేతలిపి నేర్పాడు. 1885లో న్యూహాంప్‌షైర్ కొండల్లో బండిలో పోతుండగా, ఆమె అరచేతిలో వేలితో తట్టి, పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఆమె కూడా తట్టే ఒప్పుకుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు ఏమీ తెలియలేదు! ఈ కథ రేంజరు చెబుతుంటే గుంపులోని ఆడవాళ్ళంతా ముసిముసిగా నవ్వారు. అమ్మ కోసం నేను తెలుగులో చెప్పాను. తల్లికి అటువంటి కథ చెప్పడం కొంచెం ఇబ్బందే.

నగరంలో ఇల్లా, పల్లెపట్టున ఇల్లా, ఏది కావాలో నీవే తేల్చుకోమని ఎడిసన్ అడిగితే గ్లెన్‌మాంట్‌ను కోరుకున్నది ఆమెనే. తనకు ఇది మితిమీరిన ఇల్లనీ, తన భార్యకు మాత్రం చాలనే చాలదనీ ఆయన అప్పట్లో అన్నాడట. 1886 ఫిబ్రవరి 24న పెళ్ళి. వరుడికి ముప్ఫై తొమ్మిది, వధువుకు ఇరవై. ఇంట్లో ఎదురుచూస్తున్న సవతి కూతురు మేరియన్‌కు పదమూడు.

మేము ముందు హాలు, చదువుగది, విందు పెట్టే గది, గాజుగోడల పూలమొక్కల గది చూసుకుంటూ వెళ్ళాం. గ్యాసు దీపాల కాలంలో కట్టిన ఆ ఇంటికి ప్రయోగశాల తయారయ్యాక అక్కడి డైనమోల నుంచి తీగ లాగారట. తాడుకు అవతల నిలిచిన సామాను మీద ఇంకా పాలిష్ వాసన. మెట్లెక్కుతుండగా అమ్మ మెల్లగా అడిగింది.

"ఇల్లు ఎవరి పేరున ఉందిరా?"

"ఇప్పుడా? ప్రభుత్వం పేరున అమ్మా."

"అది కాదు. వాళ్ళున్నప్పుడు."

ఆయన పేరునే ఉండి ఉంటుంది అనబోయి, ఎందుకైనా మంచిదని రేంజరును అడిగాను. ఆవిడ ముఖం వికసించింది. ఎవరో ఆ ప్రశ్న అడుగుతారని ఎన్నాళ్ళుగానో కాచుకున్నట్టుంది. 1891లో ఎడిసన్ ఈ ఇంటిని భార్య పేరున రాసేశాడట. అప్పటినుంచీ చట్టరీత్యా ఇది మైనా ఇల్లు. ఆయన తన భార్య ఇంట్లో నలభై ఏళ్ళు ఉన్నాడు.

ప్రేమతో రాశాడనుకుంటే కొంతవరకే నిజం. అసలు కారణం అప్పులవాళ్ళు. ఎడిసన్ కనిపెట్టడంలో ఎంత దిట్టో, డబ్బు పోగొట్టుకోవడంలోనూ అంతే. ఆ దశాబ్దంలోనే న్యూజెర్సీ ఉత్తరాన ఆగ్డెన్స్‌బర్గ్ కొండల్లో నాసిరకం ఇనుపరాయిని పిండి చేసి, అయస్కాంతాలతో ఇనుమును వేరుచేసే కర్మాగారం పెట్టాడు. జనరల్ ఎలక్ట్రిక్‌లో తనకున్న వాటాలు అమ్మి ఆ గోతిలో పోశాడు. ఇంతలో మినెసోటాలోని మెసాబీ కొండల్లో మేలైన ఖనిజం పైపైనే తవ్వుకునేటంత సులువుగా, చౌకగా దొరికింది. ఇరవై లక్షల డాలర్లకు పైగా మట్టిలో కలిశాయి. కలిసిన మట్టిని కూడా వదలలేదు మహానుభావుడు. రాళ్ళు నలిపే ఆ పరిజ్ఞానంతోనే సిమెంటు వ్యాపారంలోకి దిగాడు. గ్లెన్‌మాంట్ పెరట్లోని కాంక్రీటు కార్ల కొట్టం 1908 నాటిది, ఆ సిమెంటుతో పోతపోసిందే. ఈ ఎగుడుదిగుళ్ళలో ఏ అప్పులవాడైనా వచ్చి తలుపు తడితే, ఇల్లు ఆయనది కాదు, ఆవిడది. పెళ్ళయిన స్త్రీ తన పేరున ఆస్తి ఉంచుకోవచ్చునని న్యూజెర్సీ రాష్ట్రం 1852లోనే చట్టం చేసింది కనుక ఆ ఏర్పాటు చెల్లింది.

నేనిదంతా చెప్పాక అమ్మ, "పోనీలే, కారణమేదైతేనేం, కాగితం మీద ఉందిగా" అంది.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు. గుంటూరులో మా ఇల్లు నాన్నగారు కట్టించినది. ఇటుకలు లెక్కపెట్టింది, గోడలు తడిపింది, మేస్త్రీలకు పూటపూటా కాఫీలు పోసింది అమ్మ. పునాదికి డబ్బు చాలకపోతే గొలుసు ఇచ్చిందీ అమ్మే. నాన్నగారు పోయాక, నేను సెలవు మీద వెళ్ళిన పదిహేను రోజుల్లో రిజిస్ట్రారు కచేరీ పని తెముల్చుకోవాలి గనుక, పెద్దలంతా కలిసి ఇల్లు నా పేరున మార్పించారు. అమ్మ సంతకం చేసింది. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది. అందులో అన్యాయం ఉందని ఆనాడు ఎవరికీ తోచలేదు, నాకసలే తోచలేదు. ఆమె పుట్టింటి ఆస్తి మాటా అంతే. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ చట్టం వచ్చినప్పుడు ఊరంతా గొప్పగా చెప్పుకున్నారు గానీ, అంతకుముందే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకు అది వర్తించదు. అమ్మ పెళ్ళి 1968లో జరిగింది. 2005లో కేంద్రం చట్టం మార్చేనాటికి పంచుకోవడానికి అక్కడేమీ మిగల్లేదు.

మెట్ల మీద నిలబడి ఆ ప్రశ్న అడిగినప్పుడు ఇవన్నీ ఆవిడ మనసులో ఉన్నాయో లేదో నాకు తెలియదు. నా మనసులోకి మాత్రం వచ్చి కూర్చున్నాయి.

మేడ మీద ఆ కుటుంబం రోజూ కూర్చునే గది ఉంది. కింది గదులు అతిథుల కోసం, ఇది మనుషుల కోసం. ఎడిసన్ రాసుకునే బల్ల ఇక్కడుంది. దాన్ని ఆయన ఆలోచనల బల్ల అనేవాడట. ఇంట్లో ఆయన ఇష్టంగా గడిపిన చోటు ఇదొక్కటే కావచ్చు. మిగిలిన ఇరవై ఎనిమిది గదులూ మైనా రాజ్యం. తనను గృహిణి అనడం ఆవిడకు నచ్చేది కాదు. గృహ కార్యనిర్వాహకురాలినని చెప్పుకునేది. వంటవాళ్ళు, దాసీలు, తోటమాలులు, బండి తోలేవాడు, వాళ్ళ జీతాలు, విందులు, దేశాధ్యక్షుల నుంచి కంపెనీ యజమానుల దాకా అతిథులు, వీటన్నిటి లెక్కా ఆవిడదే. మర్యాదపూర్వకంగా పెట్టుకున్న బిరుదు కాదది, చేసిన పనికి పెట్టుకున్న సరైన పేరు. ముగ్గురు సొంత పిల్లలు, మెడలీన్, చార్లెస్, థియొడోర్ ఈ ఇంట్లోనే పుట్టారు. చార్లెస్ తరవాత న్యూజెర్సీ గవర్నరయ్యాడు.

సవతి పిల్లల కథ అంత చక్కగా సాగలేదు. ఏడెనిమిదేళ్ళు మాత్రమే పెద్దదైన యువతిని తల్లీ అని పిలవడం మేరియన్‌కు సాధ్యపడలేదు. యూరపు వెళ్ళిపోయి, 1895లో ఒక జర్మన్ సైనికాధికారిని పెళ్ళాడి, ఎన్నో ఏళ్ళకుగాని తిరిగి రాలేదు. చిన్న థామస్ కథ ఇంకా దిగులు పుట్టిస్తుంది. తండ్రి పేరు తప్ప తనకంటూ ఏమీ లేనివాడు ఆ పేరునే అమ్ముకున్నాడు. విద్యుత్తుతో సర్వరోగాలూ నయం చేస్తామనే మోసపు కంపెనీలకు ఎడిసన్ అనే ముద్ర అరువిచ్చాడు. తండ్రి కోర్టుకెక్కి ఆపించాడు. చివరికి వారానికి 35 డాలర్ల చొప్పున తండ్రి ఇచ్చేటట్టు, కొడుకు ఆ పేరును వ్యాపారానికి వాడకుండా ఉండేటట్టు ఒడంబడిక కుదిరింది. కొన్నాళ్ళు వేరే పేరు పెట్టుకుని పుట్టగొడుగులు పెంచుకుంటూ బతికాడు. ముద్దుగా గీత అని పిలుచుకున్న కొడుకు! తండ్రి ఊళ్ళకూ వీధులకూ ధారాళంగా ఇచ్చిన పేరు, ఆ పేరుతోనే పుట్టినవాడికి దక్కలేదు. రేంజరు ఈ మాటలు ఎత్తలేదు. నేను తరవాత చదివి తెలుసుకున్నవి.

ఇంతా రాసి ఎడిసన్‌ను దుర్మార్గుడిగా నిలబెట్టాలని నా ఉద్దేశం కాదు. 1,093 అమెరికా పేటెంట్ల మనిషి, తన చెవులకు మాత్రం ఏ యంత్రమూ చేసుకోలేదు. సంగీతం వినాలనిపిస్తే ఫొనోగ్రాఫు చెక్కను పళ్ళతో కరిచిపట్టుకుని, ఎముకల గుండా వచ్చే ప్రకంపనను వినేవాడు. ఆ పంటిగాట్లు పడిన ఫొనోగ్రాఫు కూడా మిగిలి ఉంది. (మా తాతగారింట్లో పూలగొట్టంతో ఉండిన పెట్టె ఎడిసన్‌ది కాదని అమ్మకు చెబితే చిన్నబుచ్చుకుంది. పళ్ళెం తిరిగే గ్రామఫోను బెర్లినర్‌ది. ఎడిసన్‌ది గుండ్రని మైనపు గొట్టం.) నాటకాలకు వెళ్ళినప్పుడు వేదిక మీది మాటలు ఆయనకు వినబడేవి కావు. పక్క కుర్చీలో కూర్చున్న మైనా ఆయన మోకాలి మీద వేళ్ళతో చుక్కలూ గీతలూ తడుతూ నాటకమంతా చెప్పేది. కొండదారిలో అరచేతిలో మొదలైన సంభాషణ నలభై ఆరేళ్ళు సాగిందన్నమాట.

1931 అక్టోబరు 18న, ఎనభై నాలుగో ఏట, ఈ ఇంట్లోనే మేడ మీద పడకగదిలో ఎడిసన్ కన్నుమూశాడు. అక్టోబరు 21 రాత్రి దేశమంతా ఒక్క నిమిషంపాటు దీపాలు తగ్గించి నివాళి ఇచ్చారు. తొలి బల్బు వెలిగి సరిగ్గా యాభై రెండేళ్ళు. "మాకైతే రోజూ నివాళే" అంది అమ్మ. కరెంటు కోతల సంగతి.

మైనా ఆ తరవాత చిన్ననాటి స్నేహితుణ్ణి 1935లో పెళ్ళాడింది. ఆయన 1940లో పోయాక మళ్ళీ మిసెస్ ఎడిసన్ అనే పిలిపించుకుంది. 1946లో ఇంటిని ఎడిసన్ కంపెనీకే అమ్మింది, స్మారకంగా నిలపాలని. మరుసటి ఏడు ఆగస్టులో చనిపోయింది. గమనించండి, అమ్మింది ఆవిడ. మనం ఎడిసన్ ఇల్లు చూశామని చెప్పుకుంటున్నామంటే, ఆ పత్రం మీద ఆవిడ సంతకం ఉండబట్టి.

ఇంటి వెనక పచ్చికలో రెండు సమాధి పలకలు పక్కపక్కన ఉన్నాయి. మొదట ఇద్దరినీ వేరే శ్మశానంలో పూడ్చి, 1963లో ఇక్కడికి తెచ్చారు. ఆడంబరమేమీ లేదు. అమ్మ చెప్పులు విప్పి నిలబడింది.

"మొదటావిడ ఎక్కడ?" అంది.

నూయార్క్ అని కాదు, నెవార్క్ అని ఇంకొక ఊరుంది, అక్కడి మౌంట్ ప్లెజెంట్ శ్మశానంలో ఉందని ఫోనులో వెతికి చెప్పాను. తిరుగుదారిలో కాస్త పక్కకు మళ్ళితే చాలు.

"వెళదామా అమ్మా?"

"చీకటి పడుతోందిగా. ఇంకోసారి వద్దాం."

కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. ఎడిసన్ ఊరి దీపాలు కనబడుతుండగా, గుంటూరు ఇంటి కాగితాలు ఎక్కడున్నాయని అడిగాను. బీరువాలో, నాన్నగారి పంచెల కింద ఉన్నాయంది. ఎందుకని అడగలేదు.